సగం రాసిన కొలతలు

పొద్దున్న ఎనిమిదింటికే దర్జీ ఇస్త్రీ పెట్టె వేడి చేశాడు. గిరాకీల బట్టలకి కాదు, తన సొంత చొక్కాకి. పదకొండింటికి టీవీ వాళ్ళు కారు పంపిస్తామన్నారు మరి. ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి తన చొక్కా కాలరు పిగిలిపోయిందని ఆ పొద్దునే చూసుకున్నాడు.

సంగతేమిటంటే, పెద్ద గాయకుడొకాయన నాలుగు నెలల కిందట పోయాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. పోయిన నెలలో ముగ్గురు ఆడవాళ్ళు బయటికొచ్చి, చిన్నప్పుడు పాట నేర్చుకోవడానికి వెళ్తే ఆయన తమని ఏం చేశాడో చెప్పారు. అంతే, ఏడ్చిన ఊరు రెండుగా చీలింది. బస్సులో అదే గొడవ, ఆఫీసు క్యాంటీనులో అదే గొడవ. సొంత ఇంట్లో ఏం జరుగుతోందో పట్టనివాళ్ళు కూడా తీర్పులు చెప్పేస్తున్నారు.

దర్జీ మొదటి రోజే తేల్చేశాడు. ముప్పై ఏళ్ళు ఆ గాయకుడి కోట్లన్నీ కుట్టింది ఆయనే. దుకాణంలో ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఉంది. బతికున్నన్నాళ్ళూ నోరు మెదపకుండా, మనిషి పోయాక బురద చల్లడమేమిటని వచ్చిన ప్రతి గిరాకీ దగ్గరా గొంతు చించుకున్నాడు. ఆ గొంతు ఎలాగో టీవీ దాకా వెళ్ళింది.

దుకాణం వెనకే ఇల్లు. గుమ్మం దగ్గర భార్య కాజాలు కుడుతోంది. ముప్పై నాలుగేళ్ళ కూతురు బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. తండ్రికి చూపు మందగించాక కత్తెర ఆమె చేతికొచ్చింది. ఆయన పాత కొలతల పుస్తకం దులిపి తెచ్చి ఆ గుడ్డ మీదే పెట్టాడు.

"చిట్టీ, నువ్వూ తయారవ్వు. నిన్ను కూడా తీసుకొస్తానని వాళ్ళకి మాటిచ్చాను. చిన్నప్పుడు ఆయనింట్లో తిరిగిన పిల్లవి. ఆయన దేవుడని నువ్వొక్క మాటంటే చాలు, ఈ ఆడవాళ్ళ నోళ్ళు పడిపోతాయి."

కత్తెర ఆగింది. భార్య తలెత్తలేదు.

ఆ పుస్తకం కథ చెప్పాలి. టేపు పట్టినవాడు పెన్ను పట్టకూడదని దర్జీ నియమం. రెండు చేతులూ టేపు మీదే ఉండాలి, లేకపోతే అరంగుళం తేడా వస్తుందంటాడు. అందుకే ఆయన కొలత చదువుతాడు, పక్కన ఇంకొకరు రాస్తారు. గాయకుడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా రాసింది ఈ కూతురే. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు.

ఒక్క పేజీలో మాత్రం ఛాతీ, నడుము, భుజం దాకా ఆమె రాత, చెయ్యి పొడవు నుంచి ఆయన రాత. అది ఇంట్లో పాత జోకు. కొలతల మధ్యలో దర్జీ, ఆటోలో మర్చిపోయిన లైనింగు గుడ్డ కోసం గాయకుడి మేడ దిగి వెళ్ళొచ్చేసరికి పదకొండేళ్ళ పిల్ల పుస్తకం పారేసి మెట్ల మీద కూర్చుంది. అంత పెద్దమనిషిని చూసి హడలిపోయిందని చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవాడు. పసిపిల్ల, ఏమీ అనకు అని గాయకుడే సర్దిచెప్పాడట. ఇప్పుడు దర్జీ ఆ పేజీ చూపించి, ఆ జోకు టీవీలో కూడా చెప్తానన్నాడు.

"చెప్పు నాన్నా," అంది కూతురు. "ముందు నాకొకటి చెప్పు. కిందికెళ్ళి నువ్వు ఎంతసేపటికి వచ్చావు?"

"పావుగంట. ఆటోవాడు వీధి చివరి దాకా వెళ్ళిపోయాడుగా."

"నువ్వు మెట్లు దిగగానే ఆయన వెళ్ళి తలుపు గడియ పెట్టాడు."

ఆమె ఏడవలేదు. ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా నెమ్మదిగా, వరసగా చెప్పింది. దర్జీ మొదట అడ్డుపడ్డాడు. నీకేదో గుర్తు తప్పిందన్నాడు, టీవీలో చూసి నువ్వూ అలా అనుకుంటున్నావన్నాడు. ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందుకి తోసింది. ఆ పేజీ తర్వాత ఆ గాయకుడి కొలతల్లో గుండ్రటి అక్షరం ఒక్కటి లేదు. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఏడాది తర్వాత ఏడాది, అన్నీ తన వంకర గీతలే.

పుస్తకంలోంచి తలెత్తి అడిగాడు. "అప్పుడే మీ అమ్మకైనా చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఆ సాయంత్రమే."

దర్జీ భార్య వైపు తిరిగాడు. ఆమె సూది గుడ్డలో గుచ్చి వదిలేసింది. "మీకు తెలిస్తే ఆయన పీక పిసికి జైలుకెళ్తారని భయపడ్డాను," అంది. మళ్ళీ తనే దిద్దుకుంది, "కాదు. అది నాకు నేను చెప్పుకున్నది. మీరు నమ్మరని భయపడ్డాను. మళ్ళీ దాన్ని ఆ గడప తొక్కనివ్వలేదు. పరీక్షలన్నాను, జ్వరమన్నాను. నాకు చేతనైంది అదొక్కటే."

"నన్ను పంపడం మానేశావమ్మా. పాటకి వెళ్ళే పిల్లలు వెళ్తూనే ఉన్నారు. ఈ ముగ్గురిలో చివరామె నా తర్వాత నాలుగేళ్ళకి వెళ్ళింది. ఆవిడ మాట్లాడుతుంటే టీవీ కట్టెయ్యమన్నావు."

తల్లి చేతుల్లో మొహం దాచుకుంది. ఓదార్చడానికి ఎవరూ లేవలేదు.

ఫోను మోగింది. కారు వీధి మొదట్లో ఉందట. టీవీ అమ్మాయి హుషారుగా మాట్లాడుతోంది. నిన్న మీరన్న మాటే మళ్ళీ అనండి సార్, బతికుండగా ఎందుకు చెప్పలేదని అడిగారే, అది చాలా బాగుందంది.

దర్జీ కూతురి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తలూపింది. ఆ కథ చెప్పే హక్కు ఆమెదే, తనది కాదని ఆయనకి అర్థమైంది.

"అప్పుడే చెప్పి ఉంటారమ్మా," అన్నాడు ఫోన్లో. "ఇంట్లోవాళ్ళే వినుండరు. నేను రావడంలేదు. కారు వెనక్కి పంపించెయ్యండి."

ఫోను పెట్టేసి ఆ పేజీ ముందే కూలబడ్డాడు. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద అలాగే ఉంది.

"ఆ రోజు మెట్ల మీద నిన్ను కొట్టాను కదూ. పని మధ్యలో వదిలేశావని."

"రెండు దెబ్బలు."

"ఇన్నేళ్ళూ దాన్ని జోకుగా చెప్పాను తల్లీ. అందరినీ నవ్వించాను." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు.

కూతురు కళ్ళజోడు తీసి, గుడ్డ ముక్కతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ చెయ్యి వదల్లేదు. ఆమె లాక్కోలేదు.

"నువ్వు చెప్పిన ప్రతిసారీ," అంది, "నేను కూడా నవ్వాను నాన్నా."