నాన్న కోసం తీసిన వీడియో

బెంగాల్‌లోని ఖరిదా బజారులో లక్ష్మీపతి దుకాణానికి ఒక పేరుంది. వాడిన ట్యాబ్ ఏది చేతికొచ్చినా నిండా ఛార్జి పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి, ఏదో ఒక వీడియోను ఆగకుండా తిప్పుతాడు. బ్యాటరీ అయిపోయి అది ఆరిపోయేదాకా ఓర్చి చూసిగానీ అమ్మడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇంత పరీక్షగా చూడరు దాదా" అని బెంగాలీలు నవ్విపోతుంటారు.

ఆ ఉదయం భార్య లలిత టిఫిను పట్టుకొచ్చేసరికి బల్ల మీది ట్యాబ్‌లో కూతురు రష్మిత కనిపించింది. చేతులు చకచకా ఆడిస్తోంది. పుట్టుచెవుడు పిల్లది, దాని భాషంతా చేతులే. తండ్రి చూడాలని ఆ వీడియో తనే తీసి, తల్లి చేత ఆయనకిప్పించింది. "అందులో ఏముందో నువ్వు మాత్రం చెప్పకు" అని తల్లికి సైగ చేసి మరీ వెళ్ళింది.

"సూసినారా?" ఆశగా అడిగింది లలిత.

"పొద్దున్నుంచీ సూస్తన్నాను. సగం కూడా దిగలేదే! గట్టి బ్యాటరీ."

"అమ్మడు ఏటి సెప్పిందో సూసినారా అంటున్నాను."

"ఏదో సేతులు తిప్పింది. పొడుగ్గా ఉందని అదే ఏసినాను. మళ్ళీ మళ్ళీ అదే తిరుగుతంది."

లలితకు ఒళ్ళు మండింది. బేరానికొచ్చిన మనిషి తెర మీదికి వంగి, "ఇదేం నాట్యం దాదా?" అని నవ్వాడు. సరిగ్గా అప్పుడే గడపలో రష్మిత. ఆ నవ్వు చూసింది, తెర చూసింది. విసురుగా వచ్చి బల్ల మీద చరిచి, ట్యాబ్ ఎత్తిపట్టింది.

"పగిలిపోద్దే!" లక్ష్మీపతి చెయ్యి పట్టుకున్నాడు.

"పగలనీండి!" లలిత అరిచింది.

రష్మిత ట్యాబ్ వదిలేసి వేళ్ళు విసిరి విసిరి తిట్టింది.

"ఏటంటందే?"

"నేను సెప్పను."

"ఏటీ?"

"సెప్పనంటే సెప్పను! దానికి హైదరాబాదులో ఉజ్జోగమొచ్చిందని మీకు నేనే సెప్పినాను. ఎల్లమన్నారని దానికీ నేనే సెప్పినాను. నాన్న నాతో ఒక్క మాటాడకుండా ఎలా ఎల్లనని ఏడిసింది. సెవిటోడి ముందు శంఖం ఊదినట్టయింది! ఈ ఇంట్లో సెవుడెవరికండీ?"

అడిగినప్పుడల్లా పిల్ల సైగలకు అర్థం చెప్పి చెప్పి ఆయన్ని తనే పాడు చేసిందేమో. ఆ ఆలోచన రాగానే లలిత కోపం తన మీదికే తిరిగింది.

లక్ష్మీపతి బేరాన్ని పంపేసి, షట్టరు సగం దించాడు. వీడియో మొదటికి తెచ్చి, ఈసారి బ్యాటరీ శాతం అంకె చూడలేదు, వేళ్ళు చూశాడు. ఒకచోట రష్మిత పెదవిపైన వేలు పెట్టి మీసం దిద్దినట్టు తిప్పింది. కాసేపటికి మళ్ళీ. ఇంకాసేపటికి మళ్ళీ.

"ఇది... నేనా? నన్ను ఎక్కిరిస్తందనుకున్నాను."

"నాన్నా అని పిలవడం అది."

"పొద్దున్నుంచీ పిలుస్తానే ఉందా?"

లక్ష్మీపతి తన మీసం మీద వేలు పెట్టుకున్నాడు. కూతురి వైపు చూపించాడు. ఆపైన ఏం చెయ్యాలో తెలియక చేతులు గాల్లో ఆగిపోయాయి. అలవాటుగా లలిత వైపు తిరిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగిపోయింది.

రష్మిత ముఖంలో కోపం దిగలేదు. తండ్రి చెయ్యి లాక్కుని, ఆ మొద్దు వేళ్ళను సైగకు తగ్గట్టు ఒక్కొక్కటే మడవసాగింది.

"మెల్లిగా తల్లీ, నొప్పెడతంది" అన్నాడు.

ఆమెకు వినబడలేదు. విడిచిపెట్టలేదు కూడా.