దశాంశం దగ్గర కామా

ఆ శనివారం సెలవు. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఏసీ ఆపేశారు, కిటికీల తెరలు దించేశారు. ఒళ్లు మండిపోతోంది నాకు. ఉక్కకి కాదు, మా సార్ మీద.

"పెద్దక్క పంపిన ఫిర్యాదులన్నీ తీసెయ్. తప్పు దిద్దెయ్. ఐదింటికి వాళ్ల తమ్ముడొస్తాడు. మన ప్రోగ్రాంలో ఏమీ లేదని చూపించి పంపెయ్," అన్నాడు ఫోన్లో. సిగ్గూ శరం లేని మనిషి!

మేం రాసిన ప్రోగ్రాంలను పరీక్షించే ఆవిణ్ణి ఆఫీసంతా పెద్దక్క అనేవాళ్లం. ఆసుపత్రి మందుల గదికి రాసిన ప్రోగ్రాంలో, ధరలను కంప్యూటర్లోని ప్రాంతీయ సెట్టింగుల ప్రకారం చదివే ముక్క ఒకటుంది. ఒకటిన్నరని విదేశీ సెట్టింగున్న కంప్యూటర్లలో 1,5 అని కొడతారు, మన సెట్టింగున్నవాటిలో 1.5 అని. చుక్క సెట్టింగున్న కంప్యూటరు కామాని లెక్కచెయ్యదు. 1,5 ని పదిహేనుగా చదివేస్తుంది. ధర తప్పితే కౌంటర్ దగ్గర గోల చేస్తారు, దిద్దుకుంటాం. కానీ అదే ముక్కని మందు మోతాదుకీ వాడేశారు. ఇది ప్రమాదమని పెద్దక్క మూడుసార్లు ఫిర్యాదు రాసింది. "కోడిగుడ్డుకి ఈకలు పీకుతుందయ్యా ఆవిడ," అని నవ్వాడు సార్.

పోయిన నెల జ్వరమని ఆవిడ ఆ ఆసుపత్రిలోనే చేరింది. ఆ వారమే మందుల గదికి కొత్త కంప్యూటరొచ్చింది, చుక్క సెట్టింగుతో. పాత అలవాటుకొద్దీ 1,5 అని కొట్టడంతో, ఒకటిన్నర మిల్లీలీటరు ఎక్కించాల్సిన చోట పదిహేను ఎక్కించారు. ఆవిడ పోయింది. ఆ వారం ఆ గది మందులతో ఇంకెంతమంది పోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. పెద్దక్కే ఏదో మింగి చచ్చిందని జనం నోటికొచ్చినట్టు వాగుతున్నారు. తమ్ముడు దర్జీ. కొట్టు మూసుకుని, మా అక్క అలాంటిది కాదని ఇంటింటికీ చెప్పుకు తిరుగుతున్నాడు. అది నిజమని తేల్చే కాగితాలు ఆ మూడు ఫిర్యాదులే.

సార్‌ని తిట్టుకుంటూనే పని మొదలుపెట్టాను. ప్రోగ్రాం సెట్టింగులు తెరిచి, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివేట్టు కామా తీసి చుక్క పెట్టాను. మూసి మళ్లీ తెరిచాను. కామా ఉంది.

మళ్లీ చుక్క పెట్టాను. మళ్లీ కామా.

"నీ దుంప తెగ!" అని మౌసుని బల్లకేసి కొట్టాను. అప్పుడే పెద్దక్క రాసుకునే తలనొప్పి బామ్ వాసన వచ్చింది. దాని వెనకే స్పిరిట్ వాసన. నా వెనక బల్ల మీద ఎవరో ఒంటివేలితో కీబోర్డు నొక్కుతున్నారు. టక్... టక్...

నేను తిరగలేదు. తెర మీద, డబ్బు ఎలా కనిపిస్తుందో చూపించే నమూనా గడిలో పెద్ద అంకె ఉండాలి. 15 ఉంది. అంతే.

"ఎవర్రా... ఆ ముక్క రాసింది?" చెవి పక్కనే, చల్లగా.

"సార్... సారే తొందరపెట్టాడక్కా..."

"రాసిందెవరు?"

నెల రోజులుగా సార్ మీద నిప్పులు కక్కుతున్నాను. ఎవరిని తిడుతున్నానో నాకు తెలుసు.

"నేనే," అన్నాను.

కీబోర్డు చప్పుడు ఆగింది. పక్క గదిలో ప్రింటర్ దానంతటదే మొదలైంది. వెళ్లి చూస్తే మూడు ఫిర్యాదులూ, తేదీలతో సహా.

ఐదింటికి దర్జీ వచ్చాడు. వాటిని అతని చేతిలో పెట్టాను. "మీ అక్క ఏమీ మింగలేదు. తప్పు నాది. ఆవిడ చెబుతూనే ఉంది, నేనూ మా సారూ వినలేదు." అతను నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది.

అతని ముందే సార్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "చెప్పేశాను సార్. ఇక మీ వంతు."

"ఉండవయ్యా," అన్నాడు సార్. ఆయన ధ్యాస ఎక్కడో ఉంది. "గుమ్మంలో ఎవరో నర్సట. ఇంజెక్షన్ తెచ్చిందట. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదంటే వినదేం..."

తలుపు గొళ్లెం తీసిన చప్పుడు. తర్వాత ఒకావిడ గొంతు, చాలా మర్యాదగా... "పడుకోండి సార్. చిన్నదే."

నేను దర్జీ వైపు చూశాను. అతని ముఖం పాలిపోయింది.

"అన్నా," అన్నాడు గుసగుసగా, "ఇది మా అక్క గొంతు కాదు."

ఫోన్లో, ఆవిడ వెనకాల, చెప్పుల్లేని కాళ్లు చాలా... ఒకదాని వెంట ఒకటి గడప దాటుతున్నాయి.