దూరదేశంలో ఉన్న మా అమ్మ

ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడానికి ముందు ప్రార్థన జరగాల్సిందే. వాన పడనీ, వరద రానీ, ఎవరికైనా జ్వరం తగలనీ, మార్తమ్మ మాత్రం వదలదు. తెల్లారేసరికి చాప పరవాలి, అందరూ దాని మీద కూర్చోవాలి. కడుపులో టీ పడ్డాక మనసు దేవుడి మీద నిలవదని, టిఫిన్ మీదకి పోతుందని ఆవిడ సిద్ధాంతం.

సుగుణ జాంబియా నుంచి వచ్చిన మర్నాడు కూడా అలాగే చాప పరిచారు. రెండు విమానాలు, ఒక రైలు, చివర్న ఆటో. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంది ఆమెకి. బయట ముసురు పట్టింది. ఎగువన వానలు పడి గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. సఖినేటిపల్లి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు ఆపేశారు. ఆ పంటు నడిపే మధుబాబు, అంటే సుగుణ భర్త, పని లేక ఇంట్లోనే ఉన్నాడు. అత్తగారు మార్తమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ పూట ప్రార్థన వంతు కూతురు దీవెనది. తల్లి వెళ్ళేనాటికి ఆరో తరగతి చదువుతూ భుజం దాకా కూడా రాని పిల్ల, ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చి తల్లి చెవిని అందుకుంటోంది.

దీవెన కళ్ళు మూసుకుని గడగడా మొదలుపెట్టింది. "తండ్రీ, ఈ దినాన మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు వందనాలు. మా మామ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గించు. గోదావరి మీద తిరిగే మా నాన్నని కాపాడు. దూరదేశంలో ఉన్న మా అమ్మని నీ రెక్కల చాటున దాచు, ఏ కీడూ రానీయకుండా క్షేమంగా మా దగ్గరికి..."

అక్కడ ఆగింది. క్షేమంగా దగ్గరికి వచ్చిన అమ్మ మోకాలు అప్పటికే తన మోకాలికి తగులుతోంది.

మధుబాబు ఫక్కున నవ్వాడు. మార్తమ్మ, అలవాటులో పొరపాటమ్మా అంటూ తనే ఆమెన్ చెప్పేసి చాప చుట్టేసింది. దీవెన నాలిక కరుచుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది సుగుణే. కానీ ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఆమె వెళ్ళింది సరదాకి కాదు. రాజోలులో ఓ ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పింది. గొంతు పోయింది తప్ప ఉద్యోగం పర్మినెంటు కాలేదు, ఆఖరికి ఆ స్కూలే మూతపడింది. అప్పుడు చర్చిలో పాస్టరు అయ్యగారు, జాంబియాలో ఓ మిషన్ స్కూలుకి లెక్కల టీచరు కావాలన్నారని చెప్పారు. దేవుడు తెరిచిన తలుపన్నారు అందరూ. తెరిచింది దేవుడే కావచ్చు గానీ, గడప దాటాల్సింది మాత్రం సుగుణే.

వెళ్ళిన కొత్తలో ఆమెకి ఏదీ పట్టుబడలేదు. జూన్ నెలలో చలేమిటో అర్థం కాలేదు. మొక్కజొన్న పిండి ముద్ద గొంతు దిగలేదు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి రాజెయ్యడం పక్క క్వార్టర్లో ఉండే టీచరు, మిసెస్ ఫిరి, దగ్గరుండి నేర్పింది. పిల్లలు కొంచెం మోకాళ్ళు వంచి, మెల్లగా చప్పట్లు కొట్టి దణ్ణం పెడుతుంటే ఎటు చూడాలో తెలిసేది కాదు. డిసెంబర్లో దారి పొడుగునా చెట్ల నిండా మామిడికాయలు కనిపించాయి. ఇంటిని తలుచుకుని ఏడుపొచ్చింది, ఆవపిండి దొరక్క మళ్ళీ ఏడుపొచ్చింది. రెండో ఏడు వచ్చేసరికి ఏడవడం మానేసింది. ముద్ద అలవాటైంది, కుంపటి అలవాటైంది. ఒంటిగది ఒక్కటే అలవాటు కాలేదు.

తీరా ఇంటికి వచ్చాక చూస్తే ఇక్కడ తను చుట్టమైపోయింది. ఉప్పుడబ్బా చోటు మారింది. గుమ్మం వెనక ఉండే చీపురు ఇప్పుడు వేరే మూల ఉంది. ఏ పనికి లేచినా, అలిసిపోయి వచ్చేవు కూర్చోమ్మా అంటుంది మార్తమ్మ. మొదటిరోజు కూర తిని సుగుణ కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి, ఆవిడ ఆమె కోసం కారం లేకుండా వేరే గిన్నెలో వండడం మొదలుపెట్టింది. ప్రేమతోనే. ఆ ప్రేమే సుగుణకి మింగుడు పడలేదు. పొద్దున్నే దీవెన దువ్వెన పట్టుకుని తల్లి ముందు నుంచే నడిచి వెళ్ళి, మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని జడ వేయించుకునేది.

అయినా సుగుణ సర్దుకుంది, ఎందుకంటే ఆమె మనసులో ఒక ఏర్పాటు ఉంది. స్కూలు వాళ్ళు ఇంకో మూడేళ్ళు ఉండమన్నారు, ఈసారి కూతుర్ని కూడా తెచ్చుకోవచ్చన్నారు. పిల్లని తీసుకెళ్ళే కాగితాలన్నీ అయిపోయాయి. భర్తకి ఫోన్లో చెప్పింది. ఆయ్, చూద్దాం అన్నాడాయన. పిల్లకి పాస్‌పోర్టు కూడా చేయించాడు, ఎందుకని అడిగితే ఎప్పటికైనా పనికొస్తుందన్నాడట. అంతకుమించి తన తల్లికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య తిరిగే మనిషి, ఏ ఒడ్డు మీదా గట్టిగా నిలబడడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నారు. రొయ్యల ఇగురు రెండు గిన్నెల్లో వచ్చింది. తన చప్పిడి గిన్నె వంక కాసేపు చూసి, సుగుణ ఆ మాట బయట పెట్టింది.

"ఈసారి దీవెనని నాతో తీసుకెళ్తానండి, అత్తయ్యగారూ. స్కూల్లో సీటు మాట్లాడేను. అన్నీ అయిపోయేయి."

మార్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కొడుకు వంక చూసింది. కొడుకు కంచం వంక చూశాడు.

"పిల్లేమన్నా సూట్‌కేసంటమ్మా, సర్దుకుని పట్టుకుపోవడానికి?" అంది ఆవిడ నెమ్మదిగా.

దీవెన కంచంలోంచి తలెత్తింది. "నువ్వెళ్ళేటప్పుడు నన్ను అడిగేవా?" అంది తల్లితో. "ఇప్పుడూ అడగలేదు. నేను రాను."

సుగుణకి కోపం కంటే ముందు అలసట వచ్చింది. రెండున్నరేళ్ళుగా ఎవరికీ చూపించని అలసట. అది నోటి దగ్గరికి వచ్చేసరికి కోపమైపోయింది.

"ఎందుకొస్తావు? పక్కన కూర్చున్నా నీకు నేను దూరదేశంలోనే ఉన్నాను కదా. పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవు. అందులో అమ్మెక్కడుంది?"

దీవెన సగం తిన్న కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. మధుబాబు వెనకాలే వెళ్ళాడు. మార్తమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ అంది.

"నువ్వెళ్ళిన కొత్తలో అది ప్రార్థన చేస్తే, అమ్మ అనే మాట దగ్గరకొచ్చేసరికి వెక్కిళ్ళు. కొన్నాళ్ళు చూసేను. ఆఖరికి నేనే కూర్చోబెట్టి ఆ మాటలు బట్టీ పట్టించేను. బట్టీ పట్టిన మాటకి ఏడుపు రాదమ్మా. ఏడవకుండా నిన్ను తలుచుకోవడానికి పిల్లకి వేరే దారి కనపడలేదు నాకు."

ఆ మాట వినాల్సినట్టు వినే స్థితిలో లేదు సుగుణ. "అయితే నన్ను మర్చిపోవడం మీరే నేర్పేరన్నమాట" అనేసింది.

మార్తమ్మ తల ఊపింది. "ఆయ్. అలాగే అనుకో" అని చప్పిడి గిన్నె మీద మూత పెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు పొదుపుగా నడిచాయి. దీవెన స్కూలుకి వెళ్ళొచ్చి పుస్తకాల్లో తల దూర్చేది. సుగుణ అరుగు మీద కూర్చుని, తడిసిన కొబ్బరాకుల నుంచి నీళ్ళు కారుతుంటే చూసేది. అక్కడ గదిలో ఉన్నట్టే ఉంది, కాకపోతే ఇక్కడ చుట్టూ మనుషులున్నారు. ఒక సాయంత్రం మధుబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. నువ్వు ఒక్కదానివీ అక్కడెలా ఉన్నావో అనిపించి నిన్ను కాదనలేకపోయేనని, పిల్ల ఇక్కడెలా ఉందో చూసి దానికి చెప్పలేకపోయేనని అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడమే గొప్ప. తప్పంతా నీదేనని దెబ్బలాడే ఓపిక కూడా ఆమెకి లేకపోయింది.

వరద తీసింది. రేవులో పంటు మళ్ళీ మొదలైంది. ప్రయాణం దగ్గరపడింది. దీవెన వస్తుందో రాదో, ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఒకరోజు పొద్దున్నే చాప పరిచాక మార్తమ్మ, వచ్చిన కాణ్ణించి నువ్వొక్కసారీ చెయ్యలేదు, ఇవాళ ప్రార్థన నువ్వే చెయ్యమ్మా అంది. సుగుణ ఇన్నాళ్ళూ తప్పించుకుంటూనే వచ్చింది. మనసులో అంత చేదు పెట్టుకుని దేవుడితో ఏం మాట్లాడాలో తెలియక. ఇవాళ తప్పలేదు. రాత్రి సరిగ్గా నిద్ర లేదు. కళ్ళు మూసుకుంది. మాటలు వెతుక్కునే ఓపిక లేక, నోటికి వచ్చినవే రానిచ్చింది.

"తండ్రీ, ఈ దినాన నన్ను సజీవుల లెక్కలో ఉంచినందుకు వందనాలు. అక్కడ ఇంటి దగ్గర నా బిడ్డ లేచే వేళ దాటింది, దానికి తోడుగా ఉండు. దానికి జడ వేసే మా అత్తయ్యగారి చేతులకి బలమియ్యి. నీళ్ళ మీద తిరిగే ఆయన్ని కాపాడు. నేను తిన్నానో లేదోనని వాళ్ళు దిగులు పడకుండా చూడు. నన్ను వాళ్ళు మర్చిపోకుండా చూడు. ఒక్కసారి వాళ్ళ ముగ్గుర్నీ నా కళ్ళతో..."

అప్పుడు తెలిసింది ఆమెకి ఏమంటోందో. కళ్ళు తెరిచింది. ముగ్గురూ చుట్టూ కూర్చుని తననే చూస్తున్నారు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సుగుణకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. రోజూ అంటేనే కదా ఏ మాటైనా నోటికి అలా అలవాటయ్యేది. ఒక్క పూట కూడా తప్పకుండా తలుచుకున్నవాళ్ళే ఈ పొరపాటు చేస్తారు. మర్చిపోయినవాళ్ళకి ఈ పొరపాటు రాదు. తన కూతురు తనని ఇన్ని తెల్లవారుజాములు తలుచుకుంది, దాన్ని పట్టుకుని తను పాఠమంది. ఆమె మొహం చేతుల్లో దాచుకుని, వెళ్ళిన కొత్తలో ఏడ్చినట్టు ఏడ్చింది.

దీవెన ముందుకు జరిగి ఆమె చేతులు తీసింది. "ఇక్కడే ఉన్నాం కదమ్మా" అంది. ఆ చేతులు వదలకుండానే, "రోజూ ఇదే ప్రార్థన చేస్తావా?" అని అడిగింది.

"రోజూ. అక్కడ నన్ను సుగుణ అని ఎవరూ పిలవరే. బానా దీవెన అంటారు. దీవెన వాళ్ళమ్మ అని. అక్కడంతా అంతే, తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. స్కూల్లో, బజార్లో, చర్చిలో, ఎక్కడికెళ్ళినా నీ పేరే."

"నన్ను చూడకుండానే?"

"చూడకుండానే."

దీవెన తల వాల్చి తల్లి ఒళ్ళో పెట్టేసింది. సుగుణ అత్తగారి వైపు తిరిగి, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ అంది. మార్తమ్మ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, "పొయ్యి వెలిగించమ్మా. ఇవాళ టీ నువ్వే పెట్టు" అంది. ఉప్పుడబ్బా, పంచదారడబ్బా ఎక్కడున్నాయో కూడా చెప్పింది. మధ్యాహ్నం కూర ఒకే గిన్నెలో వచ్చింది. సుగుణ కళ్ళు తుడుచుకుంటూ తింది. కారం వల్లేనని అందరూ ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం మొదటిసారి ఆమె కూతుర్ని అడిగింది, ఏం చేద్దామని. దీవెన ఆలోచించుకునే ఉంది. నువ్వెళ్ళు, నీ స్కూలు పిల్లలకి పరీక్షలు కదా అంది. నేను ఇక్కడే చదువుకుంటాను, వేసవి సెలవులకి వచ్చి చూస్తాను, నచ్చితే ఉంటాను, నచ్చకపోతే నువ్వే వచ్చెయ్యాలి అంది. స్కూలు వాళ్ళకి మూడేళ్ళు అని మాటివ్వొద్దంది. సుగుణ సరేనంది. గుండె తేలిక పడిందని చెప్పలేం గానీ, మొయ్యగలిగేటట్టయింది.

వెళ్ళే రోజు పొద్దున్న మొదటి పంటుకే దాటి నర్సాపురంలో రైలెక్కాలి. సామాన్లు గుమ్మంలో ఉన్నాయి. చాప పరిచారు. వంతు దీవెనది. దువ్వెన పట్టుకుని వచ్చి తల్లి ముందు కూర్చుంది. జడ పూర్తయ్యాకే కళ్ళు మూసుకుంది. మామ్మ మోకాళ్ళు అయ్యాయి, గోదావరి మీద నాన్న అయ్యాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"దూరదేశం మాట రేపట్నుంచి చెప్తాను తండ్రీ. ఇవాళ మాత్రం నా పక్కన కూర్చున్న మా అమ్మని కాపాడు."

చివర్లో వెక్కిళ్ళు వచ్చాయి. బట్టీ పట్టిన మాట కాదు మరి. అందరికంటే ముందు సుగుణ ఆమెన్ అంది.