నామ్ లాండ్రీ వెనక మెట్లు

చికాగోలో లారెన్స్ వీధి మీద ఉండే కొరియా వాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి. నామ్ లాండ్రీ వెనక సందు మాటెత్తితే చాలు, మాట మార్చేస్తారు.

పొద్దుగూకాక ఆ సందులో ఎవరూ నడవరు. చేపల దుకాణం చో గారు ఒకసారి అడ్డదారి కదా అని అటు వచ్చి, చేతిలో పెట్టె అక్కడే పడేసి పరుగు లంకించుకున్నారు. మర్నాడు పట్టపగలు కూడా దాన్ని తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. చేపలన్నీ పిల్లుల పాలయ్యాయి.

లాండ్రీ వెనక పై వాటాలోకి చెక్కమెట్లు ఉన్నాయి. వాటి మీద ఒక ఆడమనిషి కూచుంటుందిట. ఎవరి జోలికీ రాదు. ఏడవదు, నవ్వదు. ఒకటే పేరు — గొంతు తడారిపోయినట్టు, మెల్లగా...

"ఓక్సిమ్... ఓక్సిమ్..."

ఓక్సిమ్ అంటే ఇంకెవరో కాదు, ఆ లాండ్రీ యజమానురాలే. మొగుడు నామ్ పోయాక కూడా కొట్టు ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. కాపురం ఆ పై వాటాలోనే, రాకపోకలు కొట్టులోంచే. మెట్ల వైపు తలుపుకి మాత్రం గడియ వేసి, అడ్డంగా బియ్యం డబ్బాలు పేర్చి పెట్టింది. ఆ తలుపు తెరవగా చూసినవాళ్ళు లేరు.

"ఆవిణ్ణే పిలుస్తోంది. ఏ పాత పగో ఏమో," అని చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. ఆవిడ ముందు ఎవరూ అనలేదు. ఆవిడా ఎవర్నీ అడగలేదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, హేరన్. ముప్పై దాటింది. ఊరికి ఆ చివర బడిలో సైన్సు చెబుతుంది. ఈ సంగతి ఎవరన్నా ఎత్తితే నవ్వేసేది. "ఆవిరి గొట్టాలు కూస్తుంటే మీకు పేర్లు వినపడుతున్నాయా?" అనేది.

ఆ చలికాలం తల్లికి జ్వరం తగిలింది. ఫోన్లో గొంతు పీలగా వచ్చేసరికి, హేరన్ బడి నుంచి నేరుగా బయల్దేరింది. చలికాలంలో అక్కడ బడి పని ముగించుకునేసరికే చీకటి. లాండ్రీ దగ్గరికి చేరేసరికి మంచు దట్టంగా పడుతోంది. ముందు షట్టరు గడ్డకట్టుకుపోయింది. తాళంచెవి తిరగలేదు. తన్నింది, గుద్దింది, కదల్లేదు.

ఇంక వెనక సందే దారి.

సందులో దీపం లేదు. మంచు తెలుపే వెలుతురు. మూల తిరిగిందో లేదో...

మెట్ల మీద ఎవరో ఉన్నారు.

నడి మెట్టు మీద కూచుని ఉంది. పల్చటి రాత్రి గౌను. కాళ్ళకి చెప్పుల్లేవు. జుట్టు చెమటకి తడిసి నుదుటికి అతుక్కుపోయింది — అంత చలిలో! వయసులో తనకంటే చిన్నదే. గౌను గుండెల దగ్గర రెండు వైపులా తడిసి ఉంది...

హేరన్‌కి ముందు భయం వెయ్యలేదు. ఎవరో ఒంట్లో బాగాలేని పిల్ల, ఇల్లు విడిచి వచ్చేసింది అనుకుంది. కోటు విప్పుతూ దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ... చచ్చిపోతారు ఇక్కడ కూచుంటే. ఎవరింటి వాళ్ళు మీరు?"

ఆ మనిషి తలెత్తింది. పెదాలు చిట్లిపోయి ఉన్నాయి.

"ఓక్సిమ్..."

"ఓక్సిమ్ మా అమ్మండీ. పైన ఉంది. పిలవనా?"

ఆ మనిషి తల అడ్డంగా ఊపింది. అరచెయ్యి తన గుండె మీద ఆనించుకుంది. చంటిపిల్లకి మాటలు నేర్పినట్టు, నిదానంగా, మళ్ళీ అంది —

"ఓక్సిమ్."

హేరన్ కోటు చాపింది. చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. ఎదురుగా మెట్టు ఖాళీ.

ఆ మెట్టు మీద మంచులో రెండు చిన్న గుంటలు. వేడి చుక్కలు పడి కరిగినట్టు. వాటిలోంచి పాల వాసన.

ఆ తరవాత ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. తలుపు మీద రెండు చేతులతో బాదింది. "అమ్మా, నేనే. తలుపు తియ్యి."

లోపల చప్పుడు లేదు. చాలాసేపటికి తలుపుని ఆనుకుని ఒక గొంతు —

"ఎటునుంచి వచ్చావే?"

"ముందు తియ్యమ్మా..."

డబ్బాలు ఈడుస్తున్న చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంది. తల్లి కూతుర్ని లోపలికి లాగి, మళ్ళీ గడియ పెట్టేసింది.

"చూశావా?"

"చూశాను."

"ఏమంది?"

"నీ పేరే అంది. పిలవనా అంటే వద్దంది. గుండె మీద చెయ్యి వేసుకుని..." హేరన్ తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఇలా. మళ్ళీ అదే పేరు."

తల్లి ఆ చేతినే చూస్తూ నేల మీద కూలబడింది.

"ఇన్నేళ్ళూ నన్ను పిలుస్తోందనుకున్నాను," అంది. "నా పేరు నాకిచ్చెయ్యమని అడుగుతోందనుకున్నాను. ఎవరూ పిలిచేవాళ్ళు లేక, తనని తనే పిలుచుకుంటోందా..."

"ఎవరమ్మా?"

"ఓక్సిమ్. మా అక్క."

"మరి నువ్వు?"

"నేను సున్‌దోక్‌ని."

ఆ పేరు హేరన్‌కి తెలుసు. ఊరి చివర స్మశానంలో ఒక చిన్న రాయి మీద ఉంది. చిన్న వయసులోనే పోయిన పిన్నిది అని చెప్పి, ఏటా అక్కడ పూలు పెట్టించేవాళ్ళు.

తల్లి గోడకి చేరగిలపడి చెప్పింది. ఇక్కడ ఉండిపోయేందుకు కాగితాలతో ఈ దేశం వచ్చింది అక్క. పురిటికి సాయం అని నాలుగు నెలల అనుమతి మీద చెల్లెలు వచ్చింది. బిడ్డ పుట్టింది. తరవాత అక్కకి జ్వరం అందుకుంది. ఆసుపత్రికి తీసుకెళదామని మోసుకుంటూ దిగుతుంటే, ఆ మెట్ల మీదే ప్రాణం పోయింది.

"మీ నాన్న తెల్లారేలోపే అనేశాడు — పోయింది మరదలని చెబుతాను, నువ్విక్కడే ఉండిపో అని. మేమిద్దరం ఒక్కలా ఉండేవాళ్ళం. వీధిలో మనవాళ్ళు కూడా అట్టే లేరప్పుడు. నేను కాదనలేదు. నువ్వు గుక్కపట్టి ఏడుస్తున్నావు..."

"అమ్మమ్మకి?"

"నేను పోయానని చెప్పాం. ఫోన్లో అక్క గొంతు పెట్టి నేనే చెప్పాను. అక్క కాస్త సాగదీసి మాట్లాడేది, అలాగే మాట్లాడాను. మా అమ్మ నా పేరు పెట్టి నాతోనే ఏడ్చింది. బతికినన్నాళ్ళూ ఏడ్చింది. నేను ఓదార్చేదాన్ని."

హేరన్ ఆవిడ పక్కనే నేల మీద కూచుంది.

"ఇంట్లో అందరికీ తద్దినం పెట్టాను. మీ నాన్నకి, మీ తాతకి. అక్కకి ఎలా పెట్టను? ఓక్సిమ్ బతికే ఉందాయె. లాండ్రీ నడుపుతోంది, చర్చికి వెళుతోంది. ముద్ద కూడా పెట్టలేదే దానికి." తలెత్తకుండానే అంది — "నన్నింక అమ్మా అనక్కర్లేదు నువ్వు. నీకు పిన్నిని."

హేరన్ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అలమరలోంచి ఎండు సముద్రపు నాచు తీసి నీళ్ళలో నానేసింది.

వెనకే తల్లి వచ్చింది. జ్వరం ఒంటితోనే పొయ్యి ముందు నిలబడింది. "జరుగు. నీకు ఉప్పు తెలీదు." బాలింతకి పెట్టే నాచు చారు... ఆ రోజు అక్క కోసం కాచింది తాగకుండానే చల్లారిపోయిందని, కలుపుతూ చెప్పింది.

గిన్నెడు చారు, గిన్నెడు అన్నం. తల్లి తన చేతులతో గడియ తీసింది. నడి మెట్టు మీద గిన్నెలు పెట్టి, పోయినవాళ్ళకి పెట్టే పద్ధతిలో చెంచా అన్నంలో గుచ్చి నిలబెట్టింది. చీకట్లోకి చూస్తూ పిలిచింది —

"ఓక్సిమ్ అక్కా... లోపలికి రా. చలిగా ఉంది."

మంచు రాలుతోంది. ఎవరూ పలకలేదు.

తలుపు తీసే ఉంచి, తల్లి వంటింట్లో దుప్పటి కప్పుకుని కూచుంది. "నువ్వు పడుకో, నేను చూస్తుంటాను," అంది. హేరన్ లోపలి గదిలో పడుకుంది. నిద్ర పట్టలేదు. గోడ వైపు తిరిగి, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎప్పుడో తల్లి వచ్చి పక్కన కూచుంది. వీపు మీద మెల్లగా తట్టడం మొదలెట్టింది — పసిపిల్లని జోకొట్టినట్టు, ఒకే తీరున, చేత్తో లయగా... ఆ చేతి కిందే ఎప్పుడో నిద్రపోయింది.

తెల్లారి లేచి వంటింట్లోకి వెళ్ళింది. తల్లి కుర్చీలోనే ఉంది. ఒళ్ళో దుప్పటి మీద, తెరిచిన తలుపులోంచి వచ్చి పడ్డ మంచు పొర అలాగే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రంతా జోకొట్టావు. జ్వరంలో అంత శ్రమ ఎందుకమ్మా?"

తల్లి అయోమయంగా చూసింది. "నేనెక్కడొచ్చాను? ఈ కుర్చీ దిగలేదు. మెట్ల మీదే చూపు పెట్టుక్కూచున్నాను." మెట్ల మీద చారు గడ్డకట్టి ఉంది. "రాలేదే. దానికి నామీద కోపం పోలేదు."

హేరన్ వీపు మీద ఆ చెయ్యి పడ్డచోట ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె తల్లి ముందు మోకాళ్ళ మీద కూచుని, దుప్పటి మీది మంచు దులిపింది.

"అమ్మ వచ్చింది, అమ్మా," అంది.