మేం ఓడిపోతామని చెప్పండి

నరసాపురంలో ఎలక్ట్రికల్ షాపులో కూర్చుని ఫ్యాన్లమ్మే జయపాల్ స్వయంగా కూడా పెద్ద ఫ్యానే. క్రికెట్‌కి కాదు. దానికి దేశం నిండా జనం ఉన్నారు కాబట్టి తన అవసరం అక్కడ పెద్దగా ఉండదని అతని అభిప్రాయం. అతని ప్రాణమంతా ఊరి టీముల మీదే. మగవాళ్ల వాలీబాల్ టీము వశిష్ఠ స్పైకర్స్, ఆడవాళ్ల కబడ్డీ టీము వశిష్ఠ క్వీన్స్.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బేరాలు పల్చబడే వేళకి, ఆ వారం జరగబోయే మ్యాచ్‌ల గురించి ఫోన్లో ఆడియో రికార్డు చేసి ఊరి స్పోర్ట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఎవరు గెలుస్తారు, ఎందుకు గెలుస్తారు అన్నదే అందులో విషయం. గెలిచేది ఎప్పుడూ మనవాళ్లే. కారణం మాత్రం వారం వారం మారేది. పాలకొల్లు టీము గట్టిదే కానీ వాళ్ల కెప్టెన్‌కి ఈమధ్యే పెళ్లయింది, మనసు ఆట మీద ఉండదు అనేవాడు. భీమవరంలో ఆడేది ఇండోర్ స్టేడియంలోనే అయినా గాలి మనవైపే వీస్తుంది అనేవాడు.

ఆదివారం సాయంత్రానికి మనవాళ్లు ఓడిపోయేవారు. సోమవారం జయపాల్‌కి అన్నం సయించేది కాదు. మంగళవారం నుంచి మళ్లీ ఆశ మొదలయ్యేది.

అలాంటి ఒక గురువారం షాపు ముందు స్కూటీ ఆగింది. ట్రాక్‌ప్యాంటు వేసుకుని, మెడలో విజిల్‌తో ఒక అమ్మాయి లోపలికొచ్చింది. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కొన్ని ఆమె జుట్టు మీద నిలబడి, కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

ఆమె సారిక. ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ, క్వీన్స్ కెప్టెన్, మెయిన్ రైడర్. గ్యాలరీలోంచి ఆమెని ఎన్నోసార్లు చూశాడు గానీ ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. కంగారులో అలవాటు కొద్దీ సీలింగ్ ఫ్యానా, టేబుల్ ఫ్యానా అని అడిగాడు.

"ఫ్యాన్ వద్దండి," అంది సారిక. "ఉన్న ఫ్యాన్‌తోనే వేగలేకపోతున్నాం. జయపాల్ గారంటే మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"రేపు ఆడియో పెడతారా?"

తన శ్రోతల్లో ఆమె కూడా ఉందని తెలిసి జయపాల్ గాల్లో తేలిపోయాడు. ఆ తేలడం ఎంతోసేపు సాగలేదు. సారిక నింపాదిగా, మర్యాదగా సంగతి చెప్పింది. జయపాల్ గెలుస్తారన్న మ్యాచ్ ఒక్కటి కూడా క్వీన్స్ గెలవలేదు. వారం మధ్యలో హఠాత్తుగా పెట్టిన, అతను ఏమీ చెప్పని మ్యాచ్‌లు గెలిచే సెమీఫైనల్ దాకా వచ్చారు. టీములో సగం మందికి అది శకునం అయిపోయింది. శుక్రవారం ఆడియో వినగానే దేవిశ్రీ దిష్టి తీయించుకుంటోంది. దేవిశ్రీ టీములో రెండో రైడర్, మంచి ప్లేయర్. శకునాల మీద తనకి నమ్మకం లేదనీ, కానీ ముందే ఓడిపోయామనుకునే పిల్లలతో సెమీఫైనల్ ఆడలేననీ అంది. ఆదివారం జంగారెడ్డిగూడెం టీముతో, వాళ్ల సొంత గడ్డ మీద మ్యాచ్.

"అందుకని ఈ ఒక్కసారికి మేం ఓడిపోతామని చెప్పండి."

జయపాల్‌కి ఎవరో గుండెలోంచి ఫ్యూజు పీకేసినట్టయింది. అభిమాని అన్నాక అలా ఎలా అనగలనని వాదించాడు. చెప్పినా కారణాలు చెప్పాలి కదా, ఏం కారణాలు చెప్పనని అడిగాడు.

"గెలుస్తామనడానికి గాలిని కూడా తెచ్చారు కదండీ. ఓడిపోవడానికి మీకు కారణాలు దొరకవా?" అనేసి సారిక వానలోనే స్కూటీ తీసింది.

మర్నాడు జయపాల్ షాపు వెనక, అట్టపెట్టెల మధ్య స్టూలేసుకుని కూర్చున్నాడు. స్పైకర్స్ గెలుస్తారని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆదివారం క్వీన్స్ ఓడిపోతారు అన్నాడు. అన్నాక కారణాలు వెతికాడు. విచిత్రంగా, వెతకాల్సిన పనే పడలేదు. ఎన్నాళ్ల నుంచో లోపల మూటగట్టి ఉన్నట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

సారిక కూతకి బయల్దేరే ముందు కుడికాలి బొటనవేలు మ్యాట్‌కి నొక్కిందంటే ఎడమ కార్నర్ మీదికే వెళ్తుంది. అది అవతలి టీములన్నీ పట్టేశాయి. నాలుగు పాయింట్లు వెనకబడితే చాలు, ఇంకెవర్నీ నమ్మదు. దేవిశ్రీ పక్కనే ఉన్నా ప్రతి కూతకీ తనే వెళ్తుంది. అలసిపోతే జడ తీసి ముందుకేసుకుంటుంది, అది చూసి డిఫెండర్లు ధైర్యంగా మీదికొస్తారు. గెలుస్తున్నప్పుడు అసలు నవ్వదు. ఓడిపోతున్నప్పుడు మాత్రం పిల్లలు భయపడకూడదని నవ్వుతుంది. ఆ నవ్వులో ఎడమ బుగ్గ మీద చిన్న గుంట పడుతుంది. అది చూశాక ఆ రోజు స్కోరు ఎంతన్నది గుర్తుండదు.

ఇలా పావుగంట పైనే మాట్లాడి, గుండె బరువు దిగినట్టయి, గ్రూపులో పెట్టేసి గల్లాపెట్టె దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

మొదటి రిప్లై రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కబడ్డీ టీములో ఏడుగురుంటారు కదా, మిగతా ఆరుగురూ సెలవు పెట్టారా అని ఎవరో అడిగారు. బుగ్గ మీద గుంటకి ఎన్ని పాయింట్లిస్తారని ఇంకొకరు అడిగారు. వాలీబాల్ టీము కెప్టెన్ అయితే, మా గురించి కూడా ఎప్పుడైనా ఇలా మాట్లాడండి సార్ అని దండం బొమ్మ పెట్టాడు.

జయపాల్ తన ఆడియోని తనే పెట్టుకుని విన్నాడు. సగానికొచ్చేసరికి చెవులు వేడెక్కాయి. అయ్యేసరికి, ఊళ్లో అందరికంటే ఆఖర్న, సంగతి అతనికీ అర్థమైంది. గబగబా డిలీట్ చేశాడు. అప్పటికే అది రేవు దాకా వెళ్లిపోయింది. అక్కడ గోదావరి దాటించే పంటుకి టికెట్లిచ్చే చిట్టియ్య గారు దాన్ని గట్టిగా పెట్టుకుని వింటున్నారట. ఆయన సారిక తండ్రి.

శనివారం పొద్దున్నే క్షమాపణ చెప్పుకుందామని ప్రాక్టీసు జరిగే గ్రౌండ్‌కి వెళ్లాడు. అతన్ని చూడగానే దేవిశ్రీ చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. కోచ్ సూర్యకళ గారు మాత్రం నవ్వకుండా, సారికకి అయిదు నిమిషాలు టైమిచ్చారు.

సారిక టవల్‌తో మొహం తుడుచుకుంటూ వచ్చింది. బుగ్గ మీద గుంట ఎక్కడా లేదు.

"కుడికాలు సంగతి నిజమేనా?"

"నిజమేనండి."

"దేవిశ్రీని పంపకపోవడం?"

"అదీ నిజమేనండి."

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

పోయిన సీజన్ నుంచి అని జయపాల్ నేలకేసి చూస్తూ చెప్పాడు.

"తెలిసుండి ప్రతి శుక్రవారం నన్ను ఆడపులి అన్నారు."

"మీరు బాధపడతారేమోనని..."

"ఓడిపోయొచ్చిన ప్రతిసారీ బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చానండి. మా అమ్మ లేసు అల్లుకుంటూ బయట కూర్చుని, ఆ కుళాయి ఆగేదాకా లేచేది కాదు. మీరు ఒక్కసారి చెప్పుంటే కాలు మార్చుకునేదాన్ని కదా." ఆమె గొంతు పెరగలేదు. అందుకే జయపాల్‌కి ఎక్కువ భయమేసింది. "నిన్న మాత్రం చెప్పారు. ఊరందరికీ చెప్పారు, నాకు తప్ప."

అతను క్షమాపణ మొదలుపెట్టేలోపే కోచ్ విజిల్ మోగింది. ఆమె వెనక్కి తిరిగి లైను దగ్గరికి పరిగెత్తింది. ఆ సాయంత్రం స్పైకర్స్ ఓడిపోయారు. దాన్ని జయపాల్ గమనించనైనా లేదు.

మ్యాచ్‌కి వెళ్లకూడదని ఆదివారం పొద్దున గట్టిగా నిర్ణయించుకుని, మధ్యాహ్నానికల్లా జంగారెడ్డిగూడెం బస్సులో ఉన్నాడు. దారి పొడుగునా పామాయిల్ తోటల మీద ఒకటే వాన. మ్యాచ్ పెద్ద రేకుల షెడ్డులో పెట్టారు. రేకుల మీద వాన మోతకి రిఫరీ విజిల్ పక్కనున్నవాళ్లకి కూడా సరిగ్గా వినబడటం లేదు. జయపాల్ ఎవరి కంటా పడకూడదని అవతలి టీము మనుషుల మధ్య, వెనక బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా బాబూ జయపాల్ అంటే?"

పక్కన కూర్చున్నాయన గొడుగు దులుపుతున్నారు. మొహంలో సారిక పోలికలు కనబడేసరికి జయపాల్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో, కూర్చో. నేను చిట్టియ్యని." ఆయన గొడుగు మడిచి మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. "చర్చి ఎగ్గొట్టి వచ్చాను, పాస్టర్ గారితో అనకు. నీ ఆడియో విన్నాను. మా అమ్మాయి గురించి పావుగంట మాట్లాడావు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడ గురించి నేను మొత్తం కలిపినా అంతసేపు మాట్లాడలేదు. అదే అంది ఆవిడ కూడా. రాత్రి నాకు కూర వడ్డించలేదు."

జయపాల్ తప్పయిపోయిందన్నాడు. తప్పా ఒప్పా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆట చూడనివ్వమన్నారు ఆయన.

మొదటి సగంలోనే క్వీన్స్ బాగా వెనకబడ్డారు. జయపాల్ అలవాటుగా కళ్లు మూసుకోబోయాడు. కానీ కూతకి వెళ్లింది సారిక కాదు, దేవిశ్రీ. ఇద్దర్ని తాకి వచ్చింది. సారిక మళ్లీ దేవిశ్రీనే పంపింది. తర్వాత తనే వెళ్లింది. బొటనవేలు నొక్కింది. ఎడమ కార్నర్ అమ్మాయి కాచుకుని ఉండగా, కుడివైపు వాళ్లని తాకి వెనక్కి వచ్చేసింది. ఆ పని రెండోసారి కూడా చేసింది. జయపాల్ అరవబోయి, చుట్టూ ఉన్నది ఎవరో గుర్తొచ్చి, చిట్టియ్య గారి మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చెయ్యి కూడా అప్పటికే జయపాల్ భుజం మీద ఉంది.

స్కోరు సమానమైంది. ఆఖరి కూతకి సారిక వెళ్లింది. గీత దాకా వచ్చింది. చెయ్యి గీతకి జానెడు దూరంలో ఉండగా నలుగురు మీద పడ్డారు.

క్వీన్స్ ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

జయపాల్ జేబులో ఫోన్ మోగడం మొదలెట్టింది. గ్రూపంతా అభినందనలే. అన్నేళ్లలో అతని అంచనా నిజమవడం ఇదే మొదటిసారి మరి. స్పోర్ట్స్ ఎనలిస్ట్ అని కూడా ఎవరో బిరుదిచ్చారు. అతను ఫోన్ ఆపేశాడు.

షెడ్డు చూరు కింద సారిక మోకాలికి ఐసు గడ్డ అద్దుకుంటూ నిలబడింది. చిట్టియ్య గారు జయపాల్‌ని అక్కడిదాకా తీసుకొచ్చి, వ్యాన్ డ్రైవర్‌తో పనుందంటూ పక్కకి వెళ్లారు. డ్రైవర్ అటు లేడని ముగ్గురికీ తెలుసు.

"మీ మాట నిజమైంది," అంది సారిక.

"అబద్ధమైతే బాగుండేదండి."

"కుడివైపు రెండుసార్లు తెచ్చాను. చూశారా?"

చూశానని చెప్పి ఊరుకోవచ్చు. పాత జయపాల్ అయితే ఆడపులి అని కూడా అనేవాడు. "చూశానండి," అన్నాడు. "ఆఖరిసారి మాత్రం కంగారులో మళ్లీ ఎడమవైపే వెళ్లారు."

సారిక అతనికేసి చూసింది. ఓడిపోయిన రోజు కాబట్టి నవ్వింది. ఆ నవ్వు ఈసారి పిల్లల కోసం కాదని, గుంట ఇంకాస్త లోతుగా పడటం చూసి పోల్చుకున్నాడు.

"ఆ మాట గ్రూపులో పెట్టకండి. వచ్చే వారం మూడో స్థానానికి మ్యాచ్ ఉంది. రేపు సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చి నాకు చెప్పండి."

"కబడ్డీ సంగతులేనాండి?"

"ఇంకేం ఉన్నాయి?"

"మీరంటే నాకు చాలా ఇష్టమండి. నాకూ మొన్న ఆడియో విన్నాకే తెలిసింది."

రేకుల మీద వాన కాస్త తగ్గింది. సారిక ఐసు గడ్డని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మరి ఈ విషయంలో మీ అంచనా ఏంటి?"

జయపాల్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. గాలి గుర్తొచ్చింది గానీ దాన్ని వాడుకోవాలనిపించలేదు.

"తెలీదండి," అన్నాడు.

అంతలో వ్యాన్ హారన్ కొట్టింది. అందరూ ఎక్కారు. నరసాపురానికి బస్సు మళ్లీ ఎప్పుడుందో ఎవరికీ తెలియదు గనక అతన్ని కూడా ఎక్కమన్నారు చిట్టియ్య గారు. లోపల ఎక్కడా ఖాళీ లేదు. దేవిశ్రీ కావాలనే కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. సారిక కిటికీ పక్క నుంచి అతనికేసి చూడకుండానే, పక్క సీట్లో ఉన్న కిట్ బ్యాగుని తీసి ఒళ్లో పెట్టుకుంది.