తిప్పని గ్లాసు

టిష్కా కనుమ మీద కారు ఆపి, ఇంజను చల్లారనిస్తున్నట్టు నటిస్తూ, ఏజెంట్ అమ్నాయ్ బానెట్ వెనక నక్కి వాచీ రేడియో చెవికి ఆనించాడు.

"ఖర్జూరం పండిందా?"

"పండింది. గింజ గట్టిగా ఉంది."

"అయితే విను," అన్నాడు కల్నల్ తాజీ. "మీ రూటు మన ఆఫీసులోంచే లీకైంది. షర్కీని దారిలోనే లేపేస్తారు. మెర్జూగా ఇసుక తిన్నెల దగ్గర హెలికాప్టర్ ఉంటుంది. అతన్ని ప్రాణాలతో ఎక్కించు. ఎవర్నీ నమ్మకు."

"నజ్వాని కూడానా సార్?"

"ఎవర్నీ అన్నాను."

వెనక సీట్లో పెట్టుడు గడ్డంతో, తివాచీల వర్తకుడి వేషంలో ఉన్నవాడు ఇంజనీర్ షర్కీ. దక్షిణాది ఆనకట్టలో విదేశీ ముఠా దాచిన బాంబు ఎక్కడుందో అతనికొక్కడికే తెలుసు. ఆ చోటు కల్నల్‌కి ముఖాముఖిగానే చెబుతానని భీష్మించుకు కూర్చున్నాడు. ముందు సీట్లో నల్లకళ్ళద్దాల సుందరి నజ్వా. తోటి ఏజెంటు. ఆ తిన్నెల పక్క ఊరు రిస్సానీలోనే పుట్టి పెరిగానంటుంది.

కొండ దిగుతుంటే ప్రతి మలుపులోనూ ఒక నల్లకారు వెనకే వచ్చింది. అమ్నాయ్‌కి చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. భయమంటే భయమే, గూఢచారులకని వేరే రకం ఉండదు.

"అలా వణుకుతావేంటి బాబూ, నీకిదే మొదటి డ్యూటీయా?" నవ్వింది నజ్వా.

తిన్నెల అంచున ఆ నల్లకారు వీళ్ళని దాటుకుపోయింది. లోపల ఒక ముసలాయన, రెండు గొర్రెలు. అమ్నాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇసుకలో దిగబడకుండా టైర్ల గాలి కొంత తీసేశాడు. ఈలోగా నజ్వా స్టవ్ వెలిగించి పుదీనా టీ కాచింది. కూజా ఎత్తి, నురగ కట్టేలా ఒక గ్లాసు నింపి షర్కీకి అందించింది.

అమ్నాయ్ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. "అయ్యో, తిప్పకుండానే ఇచ్చేస్తావేంటమ్మా!" అని ఆ గ్లాసు లాక్కుని మళ్ళీ కూజాలో పోసేశాడు. మొదటి గ్లాసు కూజాలోకి తిరిగి వెళితేనే టీ కలుస్తుందని అక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. తర్వాత తనే మూడు గ్లాసులు నింపాడు.

నజ్వా ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నాకొద్దు. కడుపు బాలేదు."

"రిస్సానీ పిల్లవై ఉండి టీ వద్దంటావా? మీ ఊళ్ళో వింటే వెలేస్తారు!"

అని నవ్వబోయి ఆగాడు. మొదటి గ్లాసు తిప్పలేదు. అందులో కలిపిందేదో ఇప్పుడు కూజా అంతటా ఉంది, అందుకే తాగనంటోంది. అక్కడ షర్కీ పెదవి గ్లాసు అంచుని తాకుతోంది!

అమ్నాయ్ కాలితో ఆ గ్లాసుని ఎగిరిపోయేలా తన్నాడు. నజ్వా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చింది. చేతికందిన కూజాని అమ్నాయ్ ఆమె మీదికి విసిరాడు. సలసల కాగిన టీ మణికట్టు మీద పడేసరికి ఆమె కెవ్వుమంది. పిస్తోలు ఇసుకలో పడింది. అమ్నాయ్ దానిమీద దూకాడు.

హెలికాప్టర్ దిగింది. కల్నల్ స్వయంగా వచ్చాడు. బేడీలతో నజ్వా, వెనకే షర్కీ ఎక్కారు. ఇంజనీరు నోరు విప్పాడు, ఆనకట్టకి మనుషులు పరిగెత్తారు, పేలడానికి రెప్పపాటు ముందు తీగ తెగింది.

"ఆమె మనది కాదని ఎలా పసిగట్టావయ్యా?" అడిగాడు కల్నల్.

అమ్నాయ్ నజ్వా పిస్తోలు ఆయన చేతిలో పెట్టాడు. "టీ తిప్పకుండా ఇచ్చింది సార్. మా అమ్మ చూసుంటే అక్కడికక్కడే అరెస్టు చేసేది."