వెనక ఎడమ పెట్టె

ఆ స్టూడియోలో నల్ల సోఫా ఉన్న గదికి చెడ్డపేరు. చీకటిపడ్డాక ఆ సోఫాలో కూర్చుంటే వీపు వెనక ఎవరో గుసగుసలాడతారట. ముందు మగ గొంతు... ఆ తర్వాత ఆడమనిషి కూనిరాగం.

ముగ్గురు విన్నారు. ముగ్గురూ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగో పరుగు. ఆ మూడు జతల్నీ వరసలో పెట్టింది చీపురక్కే. ముగ్గురికీ దెయ్యం జాడ తెలిసింది గానీ, పన్నెండేళ్ళుగా ఆ గది ఊడుస్తున్న మనిషి మాత్రం ఒక్కరి కంటా పడలేదు.

మగ గొంతు ఎవరిదో అందరూ పోల్చుకున్నారు. చెవుల మేష్టారిది. పాటలకి శబ్దం కూర్చే పెద్దాయన, పోయి మూడు నెలలు. ఆయన పోయిన వారానికే పాట వినిపించే పాత మిషను తీసేసి కొత్తది పెట్టారు. పాతదానికి ముందు వైపు రెండే స్పీకరు పెట్టెలు. కొత్తదానికి ఆరు. అందులో రెండు సోఫా వెనక గోడకే.

"గది మూసేస్తున్నానమ్మా," అన్నాడు యజమాని. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

చీపురక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చీపురు మీదే. జన్మలో ఎదురు మాట్లాడని మనిషి, నేల చూపులు చూస్తూనే అంది —

"ఇవాళ నేను కూర్చుంటానయ్యగారూ. ఏమీ లేదని తేలిస్తే... పనిలో ఉంచుతారా?"

"నువ్వా! సరే, కూర్చో. వాళ్ళు విన్న పాటే పెడతా."

వాళ్ళు విన్నది యజమాని స్వయంగా పాడిన పాటే. స్టూడియో ఆయనదే కాబట్టి పాడొద్దనేవాళ్ళు లేరు. పారిపోడానికి ఆ పాట ఒక్కటి చాలని ఎవరికీ తట్టలేదు పాపం.

పాట పెట్టి, దీపం ఆర్పి, ఆయన ధైర్యంగా తలుపు అవతల నిలబడ్డాడు.

చీకటి. పాట సాగింది... ఆగింది.

"వెనక... ఎడమ పక్క..."

మేష్టారి గొంతు. చెవి పక్కనే.

"వెనక... కుడి పక్క... వినపడుతోందా?"

"వి... వినపడుతోంది మేష్టారూ," అందామె. పెద్దాయన అడిగితే జవాబివ్వకుండా ఎలా ఉంటుంది?

అప్పుడు మొదలైంది కూనిరాగం. సన్నగా, సరిగ్గా మెడ వెనక. చీపురక్క లేవబోయింది. మూడో చరణం దగ్గర రాగం తడబడి, "ఊఁ... ఏదో... ఏదో..." అని, మళ్ళీ అందుకుంది. వెంటనే బకెట్ చప్పుడు. పిడి విరిగిన బకెట్. చీపురు సరసర.

ఆ చరణం చీపురక్కకెప్పుడూ గుర్తుండదు. అక్కడికి రాగానే "ఏదో" అని దాటేస్తుంది.

"పాట ఫైలుని ఇంత నొక్కి చిన్నది చేసినా వెనక పెట్టెల మాటలు చావలేదు చెల్లెమ్మా," అన్నాడు మేష్టారు నవ్వుతూ. "మన రెండు పెట్టెల డొక్కు మిషను వాటిని మింగేస్తుంది కాబట్టి ఇక్కడెవరికీ వినపడదులే. కానీ నీ రాగం తోడు లేకపోతే అయ్యగారి పాట వినడం నా వల్ల కాదు."

చీపురక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది. గుమ్మం దగ్గర నాలుగో జత చెప్పులు... మనిషి లేడు.

వీధి దీపం కింద దొరికాడు యజమాని, వట్టి కాళ్ళతో.

"ఉంది కదా? దెయ్యం?"

"లేదయ్యగారూ. ఆ ఆడగొంతు నాదే. ఊడుస్తూ పాడుకుంటుంటే మేష్టారు మిషన్లో పట్టి, తన మాటలతో పాటు మీ పాట వెనక వేశారు."

"ఎందుకు?"

ఆమె నసిగింది. "అది లేకపోతే... వినలేకపోయారట."

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు.

"దెయ్యమే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఎవరడిగినా దెయ్యమే అని చెప్పు."

"మరి నా పని?"

"దెయ్యాన్ని ఎవరైనా పన్లోంచి తీసేస్తారా? రేపు పొద్దున్నే రా."